కడప నుంచి ట్రాక్ దాకా: సరదా కారు ఎంచుకున్న నా అనుభవం

ట్రాక్ డేలకు తీసుకెళ్లడానికి, ఆదివారం పొద్దున గండికోట దాకా మనసారా నడపడానికి పనికొచ్చే కారు ఒకటి ఉండాలని చాలా ఏళ్ల ఆశ. పిల్లల ఫీజులు, ఇంటి లోను ఒక దారికొచ్చాక దాని మీద గట్టిగా కూర్చున్నాను. నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తాను. రోజంతా బేరింగుల వేడి, గేర్‌బాక్సుల ఆయిలు, అలైన్‌మెంట్ల మధ్యే ఉంటాను. కారునూ ఆ కంటితోనే చూశాను. మన కడప, అనంతపురం, కర్నూలు వైపు ఈ పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఉపయోగపడుతుందని అన్నీ వివరంగా రాస్తున్నాను.

ముందు ట్రాక్ డే గురించి రెండు మాటలు. ఇది రేసు కాదు. డబ్బు కట్టి, మన కారునే రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. పదిహేను ఇరవై నిమిషాల చొప్పున సెషన్లు ఉంటాయి. కొత్తవాళ్లను వేరుగా పంపుతారు. ఎక్కడ పడితే అక్కడ ఓవర్‌టేక్ చేయనివ్వరు, ముందున్నవాడు సైగ చేసి దారిస్తేనే దాటాలి. పొద్దున్నే జెండాల గురించి క్లాసు ఉంటుంది: పసుపు ఊపితే వేగం తగ్గించాలి, నీలం ఊపితే వెనకవాడికి దారివ్వాలి, ఎరుపు ఊపితే సెషన్ ఆగినట్టే. హెల్మెట్ తప్పనిసరి. కడపకు అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్ చెన్నై వాళ్లది. శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, 1990 నుంచి నడుస్తోంది, చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు. ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి మీదుగా తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ వేళకు అక్కడుంటాం. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది కానీ అది మనకు ఒక రోజు ప్రయాణం. ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ గ్రేటర్ నోయిడాలో ఉంది, దాని ఆశ నేను పెట్టుకోలేదు.

నా ఎంపికంతా ఈ దారి మీదే ఆధారపడింది. కారును లారీ మీద వేసుకొని ట్రాక్‌కు పోయే స్తోమత నాకు లేదు. అదే కారులో పోవాలి, ఎండలో రోజంతా దాన్ని దంచాలి, సాయంత్రం అదే కారులో బాలుపల్లె అడవి దాటి ఇంటికి రావాలి. దారిలో ప్రతి ఊరి ముందూ రంగు వేయని స్పీడ్ బ్రేకరు. మే నెలలో కడప ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఈ మూడూ తట్టుకున్న తర్వాతే హార్స్‌పవర్ లెక్క అనుకున్నాను.

విదేశాల్లో ఇలాంటి కారు అనగానే మాజ్దా ఎంఎక్స్-5, టొయోటా జీఆర్86 పేర్లు చెప్తారు. తేలికైన కార్లు, ఇంజను శక్తి వెనక చక్రాలకు పోతుంది, నడపడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచివి లేవంటారు. ఆ రెండూ మన దేశంలో అమ్మరు. దిగుమతి చేసుకుంటే సుంకం, పన్నులతో ధర రెట్టింపు దాటుతుంది. పాతది తెప్పిద్దామన్నా మూడేళ్లు దాటిన కారును రానివ్వరు. కాబట్టి ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను.

ఇక డబ్బు. ఇక్కడ చాలామంది చూడని విషయం ఒకటుంది. మీ కారు ఇన్సూరెన్స్ కాగితం తీసి, వాడకానికి పెట్టిన పరిమితులు అన్న చోట చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ కు ఈ పాలసీ వర్తించదని ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదని మనం వాదించొచ్చు, కానీ గోడకు కొట్టిన కారును పక్కన పెట్టుకొని ఆ వాదన గెలుస్తామన్న ధీమా నాకు లేదు. అందుకే ట్రాక్ మీద కారుకు ఇన్సూరెన్స్ లేనట్టే లెక్క కట్టాను. పోతే పోయిందని తట్టుకోగల మొత్తం ఎంతో ముందు ఇంట్లో కూర్చొని తేల్చుకున్నాం. అన్నీ కలిపి పది లక్షలు, లోను లేకుండా. దీంతో మినీ కూపర్ ఎస్ లాంటివి లిస్టులో నుంచి వాటంతటవే పోయాయి. నాకు మినీ అంటే చాలా ఇష్టం. కానీ స్టెపినీ ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్ ఫ్లాట్ టైరు కోడూరు దగ్గర కోసుకుపోతే దాన్ని చేతిలోకి తీసుకునే పంక్చర్ షాపు దొరకదు.

నా భార్య ఒకటే షరతు పెట్టింది. "వెనక సీట్లో పిల్లోళ్లు కూర్చోలేని కారు తెస్తే ఆ కారు ఎక్కేదే లే" అంది. న్యాయమైన మాట. రెండు సీట్ల కారు మా ఇంట్లో వాకిట్లో నిలబడి ఉంటుందే తప్ప తిరగదు.

మిగిలినవాటిని ఒక్కొక్కటీ నడిపి చూశాను.

ఫియట్ అబార్త్ పుంటో 2015లో వచ్చింది. 1.4 లీటర్ల టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజనులోకి పంపి శక్తి పెంచే ఏర్పాటు) ఇంజను, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. నేను నడిపినవాటిలో స్టీరింగ్ చేతికి మాట్లాడినట్టు అనిపించింది ఇదొక్కటే. టైరు ఎక్కడ పట్టు వదలబోతోందో అరచేతికి తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే నా మనసు ఇప్పటికీ దాని మీదే ఉంది. కానీ ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసి ఏళ్లయింది. మెయింటెనెన్స్ వాడిగా నాకు తెలిసింది ఒకటే: స్పేర్ లేని మెషీన్ ఎంత మంచిదైనా ప్లాంటులో ఉంచుకోకూడదు.

2003కి ముందు వచ్చిన పాత హోండా సిటీ వీటెక్ కూడా చూశాను. ఆ ఇంజను నిమిషానికి ఆరు వేల చుట్లు దాటాక పాడే పాట విన్నవాళ్లు మర్చిపోరు. అయితే పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ ఉంటాయి. ఎయిర్‌బ్యాగులు, కారు అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌సీ ఉండవు. ట్రాక్ కోసమే ఉంచుకునేవాళ్లకు బాగుంటుంది, పిల్లల్ని ఎక్కించుకునే కారుగా నాకు ధైర్యం రాలేదు.

మా మెకానిక్ భాయ్ మాట వేరు. "అన్నా, స్విఫ్ట్ తీసుకో. తొమ్మిది వందల కిలోల బండి, బ్రేకు మీద బరువు పడదు, యాడ ఆగిపోయినా సామాను దొరుకుతాది" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన వేడి నాలుగింతలు, బరువు పెరిగితే ఆ మేరకు ఇంకా ఎక్కువ. తేలిక బండికి టైర్లూ బ్రేకు ప్యాడ్లూ ఎక్కువ కాలం వస్తాయి. ఐదు లక్షల లోపు బడ్జెట్ ఉన్నవాళ్లు ఎవరడిగినా స్విఫ్టే తీసుకోమంటాను. నాకు మాత్రం కొంచెం టర్బో పికప్ కావాలనిపించింది. అది అవసరం కాదు, ఆశ.

టర్బోల్లో చివరికి మిగిలినవి మూడు. 2022లో ఆపేసిన ఫోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 టీఎస్ఐ (వాళ్ల టర్బో ఇంజను పేరు), 110 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. అదే కంపెనీ వర్టస్ జీటీ, 1.5 టీఎస్ఐ, 150 హార్స్‌పవర్. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 1.0 టర్బో, 120 హార్స్‌పవర్. నేరుగా పోయే రోడ్డు మీద వర్టస్ ముందు మిగతా రెండూ నిలవవు. కానీ అది నా బడ్జెట్ దాటుతుంది, కారూ పెద్దది. పోలో కూర్చున్న తీరు, తలుపు వేసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు అన్నీ బాగున్నాయి. ఇంతలో 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజను కాబట్టి ఎన్ లైన్‌కు అది వర్తించింది. కొత్తదాని ధర తగ్గితే సెకండ్ హ్యాండ్ ధరా దిగుతుంది కదా. చేతికి అందని కారు అందే దూరానికి వచ్చింది.

అయినా నన్ను ఎన్ లైన్ వైపు తిప్పింది ధర కాదు, బ్రేకులు.

కారు కొనకముందే మా బావమరిదితో ఒకసారి ఇరుంగాట్టుకోట్టై పోయాను. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ట్రాక్ డేలు వాడికి కొత్త కాదు. "బావా, ఒక సెషన్ నువ్వు నడుపు, కొనే ముందు తెలియాలి కదా" అని తాళం ఇచ్చాడు. అది చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్, కొన్న తర్వాత బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడూ మార్చలేదు. మొదటి చుట్లు హాయిగా సాగాయి. తర్వాత మెయిన్ స్ట్రెయిట్ (ట్రాక్‌లో నేరుగా సాగే పొడవైన భాగం) చివర బ్రేకు మీద కాలు పెడితే పెడలు మామూలు కన్నా లోతుకు దిగింది. తర్వాతి చుట్టులో ఇంకా లోతుకు. కాలి కింద గట్టిదనం పోయి మెత్తగా, గాలి తొక్కినట్టు ఉంది. కారు ఆగుతోంది కానీ ఎప్పుడు ఆగదో తెలియదు. వేగం తగ్గించి, సెషన్ అయిపోయే లోపే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే పిట్‌లోకి తెచ్చాను. ముందు చక్రాల దగ్గర కమురు వాసన. బావమరిది హ్యాండ్ బ్రేక్ వేయనివ్వలేదు. కాలిన బ్రేకును బిగించి ఉంచకూడదు, గేరులో వేసి చక్రం కింద రాయి పెట్టాలి.

ఇందులో వింత ఏమీ లేదు. పెడల్ మీది ఒత్తిడిని చక్రాలకు చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అదే 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, ఆవిరిని తొక్కితే నొక్కుకుపోతుంది, కాలి బలం చక్రం దాకా చేరదు. ఊళ్లో పదేళ్లు తిరిగినా ఇది బయటపడదు. ట్రాక్ మీద పది నిమిషాల్లో బయటపడుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో లారీల బ్రేకులు ఫెయిలయ్యాయని వినే వార్తల వెనకా ఈ వేడే ఉంటుంది. ఘాట్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను: వేగం సరదా తీర్చుకోవడానికి ఆ ఘాట్ చోటు కాదు. నేను అక్కడ ఏ మలుపులోనూ తొందరపడను. పైన ఆగి పిల్లలకు పాలకోవా కొనిచ్చి తిరిగొస్తాను.

ఎన్ లైన్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులున్నాయి, ఈఎస్‌సీ ఉంది, మా ఊళ్లోనే సర్వీస్ ఉంది. 2021లో వచ్చినప్పుడు దీనికి క్లచ్ పెడలు లేని ఐఎంటీ గేరు ఇచ్చారు. 2023లో దాని బదులు మామూలు ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. కొనేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ట్రాక్ కోసమైతే మాన్యువల్‌ది వెతకండి, క్లచ్ మన కాలి కిందే ఉండాలి.

వెతకడం మొదలుపెట్టాక బెంగళూరులో మంచివి చాలా కనిపించాయి. కర్ణాటక కారును శాశ్వతంగా ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ కట్టిన టాక్సు వాపసు కోసం మళ్లీ తిరుగుడు. ఇవన్నీ కలుపుకుంటే చవకగా కనిపించిన కారు చవక కాదు. ఏపీ నంబరు ఉన్నదే చూద్దామని నిర్ణయించుకున్నాను.

వెళ్లిన ప్రతిచోటా కొన్ని పరీక్షలు తప్పకుండా చేశాను. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడాలి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లకూ నాలుగు తేదీలుంటే ఎందుకో అడగాలి. టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటో, గుంతలో పడి ఏదో వంగడమో ఉంటుంది. డిస్కు అంచున వేలు పెట్టి రాస్తే అరుగుదల గట్టు తెలుస్తుంది. కారు కంప్యూటర్‌లోని లోపాలను చదివే ఓబీడీ స్కానర్ ఎప్పుడూ జేబులోనే. ఒకచోట ఒక టర్బో హ్యాచ్‌బ్యాక్ చూపించారు, అద్దంలా మెరుస్తోంది. "ఏ మార్పూ చేయలేదు సార్, ఫుల్ స్టాక్" అన్నాడు అమ్మేవాడు. నాలుగో గేరులో నలభై దగ్గర యాక్సిలరేటర్ నిండా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి ఎగిరింది, బండి మాత్రం దానికి తగ్గట్టు కదల్లేదు. క్లచ్ జారుతోంది. బానెట్ తీస్తే ఎయిర్ ఇన్‌టేక్ క్లిప్పులు కంపెనీవి కావు. శక్తి పెంచడానికి ఇంజను కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రాం మార్చి, అమ్మే ముందు మళ్లీ పాతది వేశారని నాకు అర్థమైంది. అంత టార్కు ఆ క్లచ్ మోయలేకపోయింది. బేరమాడకుండా వచ్చేశాను.

మార్పుల సంగతి వచ్చింది కాబట్టి: కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనం రూపు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. పెద్ద చప్పుడు సైలెన్సర్లు, వెడల్పు చక్రాలు నాకెప్పుడూ అక్కరలేదు. ఆ డబ్బు టైర్ల మీద పెడితే ప్రతి మలుపులో తిరిగొస్తుంది.

చివరికి అనంతపురంలో ఒక లెక్చరర్ దగ్గర 2023 చివరి ఎన్ లైన్ మాన్యువల్ దొరికింది. ఒకే ఓనరు, సర్వీస్ రికార్డంతా ఫైలులో కుట్టిపెట్టి ఉంది, టైర్లు నాలుగూ కారుతో వచ్చినవే. నడిపి చూడడానికి ధర్మవరం రోడ్డు మీదికి తీసుకెళ్లాను. ఆయన పక్క సీట్లో కూర్చొని, "ఇంత మంచి బండి తీస్కపోయి ట్రాక్ మీద యేస్తావా అప్పా" అన్నాడు. బాధగానే అన్నాడు. నేను ఏం చేయబోతున్నానో, ఎంత జాగ్రత్తగా చేయబోతున్నానో చెప్పాను. ఉగ్గాని, బజ్జీ తినిపించి కాగితాలిచ్చాడు. ఫారం 29, 30 పని పూర్తయి ఆర్సీ నా పేరుకు మారింది. బడ్జెట్‌లో కొంత మిగిలింది కూడా.

మిగిలింది బ్రేకులకే ఖర్చు పెట్టాను. మా భాయ్ దగ్గర ముందు చక్రాలకు ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు వేయించాను. పాత ఫ్లూయిడ్ మొత్తం తీయించాను. బ్రేకు దగ్గర ఫ్లూయిడ్ వదిలే నిపుల్‌కు సన్న గొట్టం తగిలించి సీసాలోకి వదిలితే మొదట నల్ల టీ రంగులో వచ్చింది. కొత్తది పోస్తూ, పెడలు తొక్కుతూ ఉంటే మెల్లగా రంగు తేలి, చివరికి తేనె మెరుపులా స్వచ్ఛంగా దిగింది. బుడగ ఒక్కటి కూడా లేదని తేలేదాకా భాయ్ నిపుల్ బిగించలేదు. సీలు తీయని డాట్ 4 డబ్బానే వాడాం. ఎప్పుడో తెరిచి అరలో పెట్టింది కొత్తదైనా పాతదే. డాట్ 5 అని విడిగా ఒకటి ఉంటుంది, అది సిలికాన్‌ది, దీనితో కలవదు. అంకె పెద్దదని దాన్ని మాత్రం పోయకండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదరడానికి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఎనభై నుంచి ఇరవైకి తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా వరసగా చేశాను. తర్వాత ఎక్కడా ఆగకుండా చల్లారేదాకా నడిపాను. ఇంజను ఆయిలూ కొత్తది.

ఆ తర్వాత వచ్చిన జనవరిలో ఎన్ లైన్‌తో మొదటిసారి ట్రాక్‌కు పోయాను. దారిలో పిల్లలకు ఒక సంగతి చెప్పాను: ఈ కారు తయారైన హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్నది కూడా ఇరుంగాట్టుకోట్టైలోనే. పుట్టింటికి తీసుకుపోతున్నామా అని పెద్దది అడిగింది.

పిట్‌లో సామానంతా దించేశాను. స్టెపినీ, జాకీ, కాళ్ల కింది మ్యాట్లు కూడా. మ్యాటు జరిగి పెడల్ కింద దూరితే ప్రమాదం. చక్రాల నట్లు మాన్యువల్‌లో ఉన్న టార్కుకు రెంచితో సరిచూశాను. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి 33 పీఎస్‌ఐ పెట్టాను. మొదటి సెషన్ నుంచి రాగానే చూస్తే ముందు టైర్లలో 40 దాటింది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, టైరు నడుమ ఉబ్బి పట్టు తగ్గుతుంది. వేడిగా ఉన్నప్పుడే కొంచెం వదిలితే రెండో సెషన్‌లో ముందు చక్రాలు జారడం తగ్గింది. సాయంత్రం చల్లారాక మళ్లీ నింపుకొని రోడ్డెక్కాలి, లేకపోతే గాలి తక్కువై స్పీడ్ బ్రేకర్ల దగ్గర రిమ్ము దెబ్బతింటుంది.

నూట ఇరవై హార్స్‌పవర్ ఆ ట్రాక్‌కు చాలా? స్ట్రెయిట్ మీద పెద్ద కార్లు మనల్ని దాటిపోతాయి, నీలం జెండా చూసి దారివ్వాలి. కానీ నేను వెళ్లింది దాని కోసం కాదు. బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలి, మలుపు లోపలి అంచును ఎక్కడ తాకాలి, స్టీరింగ్ ఎప్పుడు విప్పాలి అన్నది ఇంత శక్తి ఉన్న కారులోనే తీరిగ్గా నేర్చుకోగలం. ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చొని ఒకే మాట పదేపదే అన్నాడు: మలుపులోకి నెమ్మదిగా పో, బయటికి వేగంగా రా. దాన్ని పాటించిన చుట్టులో కారు నిశ్శబ్దంగా, తేలిగ్గా తిరిగింది. పాటించని చుట్టులో టైర్లు కేకలు పెట్టాయి, వేగం మాత్రం తగ్గింది. చిన్న మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు తొందరపడి తొక్కితే లోపలి ముందు చక్రం ఉత్తిగా తిరుగుతుంది. ఇంజను శక్తి ముందు చక్రాలకు పోయే కారుకు ఆ పరిమితి ఉంటుంది, కాలు మెత్తబడితే అదీ సర్దుకుంటుంది. బ్రేకు పెడలు చివరి సెషన్ దాకా గట్టిగా ఉంది. దానికి పడ్డ శ్రమంతా అక్కడ తీరిపోయింది. మధ్యాహ్నం ఎండ ముదిరాక మాత్రం టర్బో ఊపు కొంచెం మందగించింది. టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చల్లారే సమయం కావాలి కాబట్టి మూడు చుట్లు గట్టిగా, ఒక చుట్టు మెల్లగా అని పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో పిల్లలు వెనక నిద్రపోయారు. ఏసీ పనిచేసింది, కారులో ఏ చప్పుడూ కొత్తగా లేదు. సోమవారం అదే కారులో డ్యూటీకి పోయాను.

ఇప్పుడు ముందు ప్యాడ్లు సగం దాకా అరిగాయి, డిస్కులు బాగున్నాయి. కంపెనీ టైర్ల భుజాలు గుండ్రంగా తిరిగిపోయాయి, వాటిని ఊళ్లో తిరగడానికి ఉంచి ట్రాక్‌కు వేరే సెట్ కొనబోతున్నాను. సైజు 195/55 ఆర్16 కాబట్టి మెత్తటి రబ్బరు రకాలు దొరుకుతున్నాయి. చెన్నై వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తర్వాత మార్చి దాటితే ఎండ. మళ్లీ జనవరికే పేరిస్తాను, దానికి నెల ముందు ఫ్లూయిడ్ ఇంకోసారి మార్పించాలి. భాయ్‌కి ఇప్పుడే చెప్పి ఉంచాను.